అక్క కోసం ర్యాంపు

మార్చి 4, మంగళవారం

శనివారం అక్కని డిశ్చార్జ్ చేస్తారట. రెండు కాళ్లకీ రాడ్లు వేశారు, ఇంకో రెండు నెలలు వీల్‌చైరే. ఫోన్ పెట్టేసి బావా నేనూ వాకిట్లోకొచ్చి మెట్ల వంక చూస్తూ నిలబడిపోయాం. నలుగురం పట్టుకుని ఎత్తేద్దామన్నాడు బావ. ఆ మాట అక్కకి మోసింది నేనే. తనేమన్నా సిమెంటు బస్తానా ఎత్తి లోపల పడేయడానికి, అంది. తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ గడప దాటాలట. కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, ఫ్రెండ్ వాళ్ల ఫ్లాట్‌కి పోతాను, అక్కడ లిఫ్ట్ ఉంది, అంది. అక్క అన్నదంటే అన్నదే.

ర్యాంపు కట్టాలి.

మార్చి 5, బుధవారం

బావతో గొడవ. ఆయన తాపీ మేస్త్రీ, నేను సిమెంటు షాపులో కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. మామూలు కాంక్రీటు తప్ప ఆయన ముట్టడు. దాన్ని తీరిగ్గా పోసుకోవచ్చు, నున్నగా చేసుకోవచ్చు, ఖర్చూ తక్కువ. స్లాబులకీ పునాదులకీ అయితే నా ఓటూ దానికే. కానీ వారం పాటు తడపందే దాని మీద చక్రం ఎక్కనివ్వనని బావే అంటాడు. మా షాపులో త్వరగా గట్టిపడే రకం ఉంది. ఖరీదే, కానీ పొద్దున పోస్తే సాయంత్రానికి నడవచ్చు.

అంత తొందరగా అయిపోయిన వాటిలో మీ అక్కతో పెళ్లి ఒక్కటే నిలబడిందమ్మా, అని నవ్వాడు బావ. నవ్వడం అయ్యాక, నా పెళ్లాం బరువు దాని మీద మోపాలంటే భయంగా ఉంది, అన్నాడు.

మార్చి 6, గురువారం

నా మాటే నెగ్గింది. నెగ్గడమేమిటి, వేరే దారి లేదు. బావ పక్కలకి చెక్కలు బిగించి, లోపల ఇటుక ముక్కలు నింపాడు. నేను తెచ్చిన బస్తాలు చూసి పెదవి విరిచాడు.

మార్చి 7, శుక్రవారం ఉదయం

కొంప మునిగింది.

బస్తాలన్నీ తొట్టిలో ఒక్కసారే కలిపేశాడు. ముప్పయ్యేళ్లుగా ఆయన పద్ధతి అదే. కలపడం, టీ తాగడం, పోయడం. టీ పెట్టింది నేనే. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాను, కొంచెం కొంచెంగా కలుపుకోండి, పావుగంటలో బిగుసుకుంటుంది అని. ఇంట్లో మనిషికి చెప్పాలని తోచలేదు, నా మొహం మండ. గ్లాసులు కడిగి వచ్చేసరికి పార తొట్టిలో నిటారుగా నిలబడి ఉంది. బావ లాగాడు. ఇద్దరం కలిసి లాగాం. కర్ర ఊడొచ్చింది గానీ పార రాలేదు.

అదే రోజు, సాయంత్రం

నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే బావ సుత్తి తెచ్చి తొట్టిలో గట్టిపడ్డ ముద్దని కొట్టాడు. పెచ్చు కూడా లేవలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. చివరికి దాని పైకెక్కి గెంతాడు, యాభై దాటిన మనిషి. ఇది మీ అక్కనే కాదు, మీ అక్క కోపాన్ని కూడా మోస్తుంది, పోయి ఇంకో నాలుగు బస్తాలు పట్రా, అన్నాడు.

తెచ్చాను. ఈసారి బకెట్ తర్వాత బకెట్ కలిపాం. నీళ్లు నావి, తాపీ ఆయనది. కింద నుంచి గడప మట్టం దాకా, మధ్యలో ఆగితే ఒట్టు. చక్రం జారకుండా నేను వెంటవెంటనే చీపురుతో గీతలు లాగాను. కాస్త ఆలస్యమైన చోట చీపురు గీయనంది. చీకటి పడే ముందు బావ దాని మీద నడిచాడు. తర్వాత నన్ను నడిపించాడు. తర్వాత పక్కింటాయన్ని పిలిచి, ఆయన్నీ. నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి పుట్టింది.

మార్చి 8, శనివారం

చెయ్యి వేయబోయిన బావని అక్క కళ్లతోనే ఆపేసింది. ఎక్కింది. గడప దాటింది. మేం ఊపిరి పీల్చుకునేలోపే వెనక్కి తిరిగి దిగిపోయింది. మళ్లీ ఎక్కింది. భోజనాలు చల్లారిపోతున్నాయి. ఈసారి చేతులు వదిలేసి దిగుతుందట. బావ కింద చేతులు చాపుకుని నిలబడ్డాడు.