రాహుకాలం దాటాక రోమ్

ఏమండీ,

ఎండల్లో వద్దు, వానల్లో వద్దు అంటూ మీరు ఏళ్ల తరబడి వాయిదా వేసిన ఆ రోమ్ శిథిలాలు చూడటానికి అక్టోబరులో వెళ్తున్నాను. ఒక్కదాన్నే.

లోపలికి వెళ్లే టైమ్ కూడా ముందే బుక్ చేసుకోవాలట. శుక్రవారం దొరికింది. "లంచ్‌కి ముందు స్లాట్ బుక్ చేయి అమ్మా, క్రౌడ్ తక్కువ ఉంటుంది," అంది మన స్వాతి ఫోన్‌లో. సరేనన్నాను కానీ, చూపు వంటింటి గోడ మీది తెలుగు కాలెండర్ మీదికి పోయింది. అందులో ఉన్నది మన ఊరు ఇర్వింగ్‌కి లెక్కగట్టిన రాహుకాలం. రోమ్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, మీలాగే పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్క కట్టాను. అక్కడా లంచ్‌కి ముందే వచ్చింది!

"ఎప్పుడో కూలిపోయినవాటిని రాహువు ఇంకేం చేస్తాడండీ?" అని మిమ్మల్ని ఆటపట్టించినదాన్ని. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా రాహుకాలం దాటాక ఉన్న స్లాటే తీసుకున్నాను.

ఎక్కడికి బయల్దేరినా సామానంతా సర్దేసి, రాహుకాలం పోయేదాకా గరాజ్‌లో కారు స్టార్ట్ చేయకుండా కూర్చోబెట్టేవారు. విసుక్కుంటూనే కూర్చునేదాన్ని. మనం తీరిగ్గా మాట్లాడుకున్నదంతా అక్కడే. ఇప్పుడు ఎక్కగానే స్టార్ట్ చేసి వెళ్లిపోతున్నాను.

స్వాతికి చెప్పలేదు కానీ, ఆ రోజు పెందలాడే వెళ్లి గేటు బయట ఏదైనా బెంచీ చూసుకుని కూర్చుంటాను. రాహుకాలం పోయేదాకా లేవను. పక్కన మీ చోట్లో బ్యాగ్ పెట్టనులెండి.