కుర్చీలకెళ్లి లేసుడు

ఖాజాగూడ,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

పెద్దన్నకు మొగిలి నమస్తే పెట్టి రాస్తున్న జాబు.

ఇక్కడ మేమందరం మంచిగున్నం. మా ఇంటామె చంద్రమ్మ నిన్ను అడిగినట్టు రాయమన్నది. నీకన్న రెండేండ్లు పెద్దోన్నయినా నీ పేరును బట్టి పెద్దన్నా అనే పిలిచిన, ఇప్పుడు గూడ గట్లనే పిలుస్త. రెండేండ్ల సంది మనకు మాటల్లేవాయె. ఫోన్ చేస్తే ఎత్తుతవో లేదోనని కాగితం పట్టిన.

నీ కోడలు సౌజన్య మొన్న ఫోన్ చేసింది. బాత్రూంల జారి పడ్డవని, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిందని, నెల దాటిందని చెప్పింది. డాక్టర్ నడవమన్నా నువ్వు మంచం దిగుతలేవట. కసరత్తు చేయించనీకి వచ్చినామెను వాపస్ పంపినవట. నీ వాకర్ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నరట. డెబ్బై ఏండ్లొచ్చినయి, ఇంక నా పని అయిపాయలే అంటున్నవని చెప్పుకుంట ఆ బిడ్డ ఏడ్చింది. ఇట్లనే పండుకుంటే కాళ్లల్ల మిగిలిన బలం గూడ పోతదని డాక్టర్ గట్టిగనే చెప్పిండట.

జర నా సంగతి విను. పోయిన ఎండకాలం ఇంటి ముందటి మెట్టు దిగుతుంటె కాలు మడతపడి కింద పడ్డ. మెట్టు జానెడు ఎత్తు గూడ లేదు, మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారినయి, కండ కరిగిపోయింది అన్నడు డాక్టర్. నేను నమ్మలే. నలభై ఏండ్లు బండరాయి కొట్టిన చేతులాయె! కాని పని బందైనంక పొద్దంత టీవీ ముందట కూసున్న. పండ్లు నొస్తున్నయని అన్నంల చారు పోసుకొని మింగిన. అదే దెబ్బ తీసింది.

దవాఖానల కసరత్తు నేర్పనీకి యశస్విని అని ఒక పిల్ల ఉన్నది, మా మనవరాలు వర్షిత ఈడుది. చేతులు ఆనించకుండ కుర్చీలకెళ్లి లేవమన్నది. లేవలేకపోయిన. మళ్ల చూసిన, కాలేదు. ఆటోల ఇంటికొస్తుంటె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గచ్చిబౌలి దిక్కు అద్దాల బిల్డింగులు కడుతున్నప్పుడు నువ్వు మేస్త్రివి, నేను రాళ్లోన్ని, ఇద్దరం సిమెంట్ బస్తాలు మోసిన రోజులు యాదికొచ్చినయి.

ఫికర్ చెయ్యకు తాతా, ఎనభై ఏండ్లకు గూడ కండ పెరుగుతది అన్నది ఆ పిల్ల. కుర్చీ మీద రెండు మెత్తలు వేసి ఎత్తు చేసింది. అప్పుడు లేసిన. కొన్నాళ్లకు ఒకటి తీసేసింది, ఇంక కొన్నాళ్లకు రెండోది. సీసాలల్ల ఇసుక పోసి చేతులతోని ఎత్తమన్నది. చంద్రమ్మ రోజూ గుడ్డు, పప్పు, పెరుగు తినిపిస్తున్నది. డాక్టర్ రాసిన గోలీలు తప్పకుండ వేసుకుంటున్న. నడుమ ఒక నెల విసుగొచ్చి అన్నీ బంద్ పెట్టిన గూడ. మోకాళ్లు మళ్ల మొరాయించినయి, నోరు మూసుకొని మళ్ల మొదలుపెట్టిన. ఇప్పుడు పన్నెండుసార్లు లేస్త. పోయిన వారం చెరువు కట్ట మీద ఆ కొస దాక నడిచొచ్చిన. పహిల్వాన్ అయిండనుకునేవు, మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంట.

నీది ఆపరేషన్ అయిన కాలు. నా కసరత్తు నీకు పనికిరాదు, నీకేది మంచిదో నువ్వు వాపస్ పంపినామెనే మళ్ల పిలిచి అడుగుదాం. ఆదివారం పొద్దుగాల తెల్లాపూర్ వస్తున్న. వాకర్ మీద బట్టలు తీసిపెట్టమని సౌజన్యకు చెప్పిన. మంచంకాడికెళ్లి తలుపు దాక ఎన్ని అడుగులైతే అన్నే. నేను పక్కన నడుస్త. నువ్వు వద్దంటే కూసుంట, కాని వాపస్ మాత్రం పోను.

నీ దోస్తు,
మొగిలి

మళ్లొక మాట: నీ కొడుకు ప్రశాంత్ కొత్త ఫ్లాట్ గృహప్రవేశం నాడు ఫోటోకు రమ్మని నువ్వు పిలిస్తే, గొప్పోళ్ల ఫోటోలల్ల మాకేం పని అని అందరి ముందట అన్న. నీ మొఖం చిన్నబోయింది. అది కోపం కాదు పెద్దన్నా. ఆ మెత్తటి సోఫాల దిగబడిపోయిన. రెండుసార్లు లేవబోయిన, కాళ్లు లేపలే. నలుగురు చూస్తరని సిగ్గుపడి అంత మాట అనేసిన. అందరు భోజనాలకు పోయినంక ప్రశాంతే చెయ్యి పట్టి లేపిండు. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న. ఆ పోరడు నీకు గూడ చెప్పలే. ఆ సిగ్గు నాకు రెండేండ్ల దోస్తానా తినేసింది. ఎవరన్న చెయ్యి అందిస్తే పట్టుకో, నా లెక్క మొఖం తిప్పుకోకు.