పదకొండు రోజుల వినయం

ఫిబ్రవరి 5, గురువారం. ఉదయం 5.40
నిన్న నరసరావుపేటలో ప్రవచనం విన్నాం. భక్తుడికి వినయమే ఆభరణమట. అహంకారం ఉన్నచోట దేవుడు నిలవడట. ఆ మాట వచ్చినప్పుడల్లా సుకన్య నావంకే చూసింది. పెళ్లానికి తెలియనిదేముంది!

నిజమే. ఇరవై ఏళ్లుగా మా ఊరి ప్రభను నిలబెట్టే మోకుతాళ్లు కట్టేది నేనే. శివరాత్రికి వెదురుతో గోపురంలా కట్టిన డెబ్బై అడుగుల ప్రభ ట్రాక్టరు మీద ఊగకుండా కోటప్పకొండ చేరుతోందంటే అది నా ముడి గొప్పేనని చెప్పని గడప లేదు.

తీర్మానం: శివరాత్రి దాకా పదకొండు రోజులు వినయం. ఎవరు పొగిడినా ‘నాకేం రాదు, పనికిమాలినవాణ్ణి’ అనాలి. చాలా తేలిక!

ఫిబ్రవరి 6. సాయంత్రం 6
పదిహేడుసార్లు అన్నాను. టీకొట్లోనే ఆరు! ఊళ్లో నా అంత వినయం ఉన్నవాడు ఇంకొకడు లేడు.

ఫిబ్రవరి 8, ఆదివారం. మధ్యాహ్నం
సుకన్య చారు రుచి చూడమంది. “నాబోటి అల్పుడికి రుచులేం తెలుస్తాయి?” అన్నాను.

“అట్టాగా” అని మజ్జిగ పోసి వెళ్లిపోయింది. చారు మంచి వాసన వచ్చింది.

ఫిబ్రవరి 10, మంగళవారం
ప్రభ కమిటీ మీటింగు. కమిటీ పెద్ద మస్తాన్‌రావు, “మోకులు ఎప్పట్లాగే ధనుంజయరావే కడతాడు” అన్నాడు.

లేచి చేతులు కట్టుకున్నాను. “నాకేం వచ్చండీ? పనికిమాలినవాణ్ణి.”

పేటలో ఫ్లెక్సీల షాపున్న గోపీనాథ్ వెంటనే, “నేను కడతా. ఫోన్లో వీడియోలు చానా చూశా” అన్నాడు.

“సరే, కట్టు” అన్నారు అందరూ.

రెండోసారి ఎవరూ అడగలేదు! ఒక్కసారైనా బతిమాలాలా, వద్దా?

ఫిబ్రవరి 12, గురువారం. ఉదయం 9
గేదెను కట్టేసి, పలుపు ఊడుతుందేమోనని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూశాను. నిజంగానే నాకు రాదేమో. ఇన్నేళ్లూ గాలి లేకపోబట్టే ప్రభ నిలబడిందేమో.

గుళ్లో స్వామికి ఎదురుగా నిలబడటానికి సిగ్గేసి స్తంభం చాటుకు వెళ్లాను. పక్కింటి పున్నమ్మ పెద్దమ్మ పట్టేసింది.

“ఏందిరా, తప్పు చేసినోడల్లే నక్కావ్?”

“పనికిమాలినోణ్ణి పెద్దమ్మా. స్వామి ముందుకెట్టా రాను?”

“ఎవురన్నారు?”

“నేనే.”

“ఆయన అన్లేదుగా! చేతులిచ్చింది ఆయన, పని నేర్పింది మీ అయ్య. అయ్యి పనికిరావంటే తిట్టేది నిన్నా, వాళ్లనా? వినయమంటే తల వంచటంరా. తల తీసి పక్కనబెట్టటం కాదు.”

మాట బాగానే ఉంది. అయినా పదకొండు రోజులన్నాను కదా.

ఫిబ్రవరి 14, శనివారం. మధ్యాహ్నం 1
పదింటికి ప్రభ నిలబెట్టడం మొదలైంది. జనం వెనక నిలబడ్డాను. ఎడమవైపు మోకుకు గోపీనాథ్ వేసింది జారుముడి! చూడగానే తెలిసింది. నోరు తెరిచాను. మూశాను. రాదన్నవాణ్ణి, ఏ మొహంతో చెప్పను?

ప్రభ సగం లేచింది. గాలి వచ్చింది. ముడి జారింది. ప్రభ మెల్లగా పక్కనున్న శాంతమ్మ ఇంటి వసారా మీదికి వాలుతోంది. వసారాలో కూర్చుని ఆమె మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“శాంతక్కా, లేయ్! కుడి మోకు లాగండ్రా! తప్పుకోండి, నాకొచ్చు! నాకొచ్చు!”

అరిచింది నేనే. మోకు పట్టుకుంటే అరచేతులు చెక్కుకుపోయాయి. పదిమంది వచ్చి తోడు పట్టారు. వసారాకు రెండు అడుగుల పైన ప్రభ ఆగింది. కిందికి దించి అన్ని మోకులూ మళ్లీ కట్టాను.

జారుముడి ముందే చూశానని చెబితే గోపీనాథ్ నిలదీశాడు. “చూసి కూడా ఎందుకు చెప్పలా బాబాయ్? ఆమెకేమన్నా అయ్యుంటే?”

నా వినయం కోసం శాంతక్క ప్రాణం మీదికి తెచ్చాను. గోపీనాథ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ముడి నేర్పాను. మూడోసారికి వాడికి వచ్చేసింది.

సాయంత్రం 5.30
టీకొట్లో జరిగింది చెప్పాను. నాలుగుసార్లు. నాలుగోసారికి ప్రభ నూట ఇరవై అడుగులైంది. వినయం పోయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి
ప్రభ ఊగకుండా కొండ కిందికి చేరింది. ‘చేదుకో కోటయ్యా’ అని జనం కేకలు. కట్లు కట్టిన చేతులతోనే దణ్ణం పెట్టాను.

రొంపిచెర్ల పెద్దాయన ఒకాయన ఆగి, “నిటారుగా ఉందయ్యా మీ ప్రభ. ఎవురు కట్టింది?” అన్నాడు.

“నేనూ గోపీనాథూ” అన్నాను. అబద్ధం లేదు, సొంత డప్పు లేదు. ఎంత హాయిగా ఉందో!

సుకన్యకు చెప్పాను.

“బాగానే ఉందయ్యా. పోయే మనిషిని కేకేసి పిలిచి, నీ పైకండవాతో ఆ ముడి వేసి చూపించకపోతే ఇంకా బాగుండేది.”

రేపటి నుంచి మళ్లీ పదకొండు రోజులు. ఈసారి వచ్చిన పనిని రాదని అనను. అడగనివాళ్లకు చూపించను.

ఆ పెద్దాయన ముడి చూపించమని అడిగినట్టే నాకనిపించింది. సుకన్య ఒప్పుకోవటం లేదు.