ఏడు పట్టీల బండి

1878 జూలై 9, ఉదయగిరి

స్కూలుకు పదకొండు మంది వచ్చారు. కరువుకు ముందు నలభై. చెప్పే ఓపిక నాకూ లేదు, వినే ఓపిక వాళ్ళకూ లేదు.

రెబెకమ్మకు ఎనిమిదో నెల. పోయినేడు ఇదే నెలలో నొప్పులొస్తే మిషన్ బండిలో ఆత్మకూరు డిస్పెన్సరీకి బయలుదేరాం. మర్రిపాడు దాటకముందే, ఆ రాళ్ళ బాటలో, బండిలోనే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఆ కుదుపులే చంపాయని రెబెకమ్మ నమ్మకం. నాదీ అదే. మళ్ళీ ఆ బండి ఎక్కనంటోంది నా భార్య. ఏమని ఒప్పించను?

జూలై 12

ఎవరో దొర వదిలేసిపోయిన విరిగిన గుర్రపు కోచ్ ఒకటి దొరికింది. దాని వెనక స్ప్రింగులు మా మిషన్ బండి ఇరుసు మీద బిగించమని కమ్మరి ఆదెయ్యను అడిగాను, కొలిమికి పది అడుగుల దూరంలో నిలబడి. అంతకంటే దగ్గరికి మా కులంవాళ్ళం పోకూడదు. అప్పటికీ అతని తల్లి పెంచలమ్మ, నా నీడ గుమ్మంలో పడుతోందని కసిరింది.

ఒక్కో పక్క స్ప్రింగుకు నాలుగు ఇనప పట్టీలు చాలన్నాడు. ఏడు వెయ్యమన్నాను. పరుపులో దూది ఎంతుంటే అంత మెత్తన కదా. ఇనుము సంగతి గూడా అయివోరి పుస్తకంలో రాసుండాదేమో అని నవ్వాడు. ఏడే వేస్తానన్నాడు.

జూలై 20

పని అయింది. ఒక్కణ్ణే తోలి చూశాను. నడుములు పడిపోయాయి. పాత బండే నయం.

జూలై 21, ఆదివారం

ప్రేయర్ అయ్యాక తొమ్మిది మందిని ఎక్కించుకుని వాళ్ళ పల్లెలో దింపాను. పోయేటప్పుడు బండి ఊయలలా పోయింది. వచ్చేటప్పుడు ఖాళీది, ఎగిరెగిరి పడింది. అప్పటికి నా బుర్రకెక్కింది. ఏడు పట్టీలు వంగాలంటే పైన బరువుండాలి. రెబెకమ్మ ఎంత బరువు? కరువు తినేసిన మనిషి.

వెళ్ళి ఆదెయ్యతో తప్పు ఒప్పుకున్నాను. రివెట్లు కోసి పక్కకు మూడు పట్టీలు తీయడానికి మూడు దినాలు పడతాదన్నాడు. సరేనన్నాను. ఇంత చదివి నేను చేసిన పని ఇది.

జూలై 22

తెల్లవారుజామున రెబెకమ్మకు రక్తం కనబడింది. మూడు రోజులు ఆగే వీల్లేదు.

ఇసుక నింపుదామంటే ఊళ్ళో గోనెసంచి లేదు. కరువులో అందరూ ఒంటికి చుట్టుకున్నారు. రాళ్ళు వేస్తే ఆమె మీదికే దొర్లుతాయి. నిన్నటి తొమ్మిది మందీ రోడ్డు కూలికి పోయారు. పోయి ఇదంతా ఆదెయ్యకు చెప్పాను. పెంచలమ్మ వింటోంది. పోయినేడు బిడ్డ పోయింది మీకేనా అని అడిగింది. ఔనన్నాను.

లోపలికి పోయింది. కాసేపటికి నీళ్ళ ముంతతో, మరో నలుగురు ఆడవాళ్ళతో వచ్చి మా బండెక్కింది. మేం బరువు గామా ఏందిరా, తోలు అంది. దిగకపోతే మళ్ళీ ఇంట్లోకి రానీనని ఆదెయ్య అరిచాడు. ఆమె తల తిప్పలేదు.

జూలై 24, ఆత్మకూరు

ఆడపిల్ల. ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

దారి పొడుగునా రెబెకమ్మ తల పెంచలమ్మ ఒళ్ళోనే ఉంది. మా నీళ్ళు మాత్రం ముట్టలేదు ఆ ముసలమ్మ, తన ముంతలో నీళ్ళే తాగింది. నాకు కోపం రాలేదు. రావలసినదేమో, తెలియదు. చాలా అలసిపోయాను.

ఆగస్టు 11, ఉదయగిరి

ఇప్పుడు తీరికుంది, ఆ మూడు పట్టీలు తీసేస్తానని ఆదెయ్య వచ్చాడు. పెంచలమ్మ ఇంకా వాళ్ళ వసారాలోనే పడుకుంటోంది.

ఏడూ ఉండనీ అన్నాను.