సలోమి తొడిగే గాజులు

ఆదివారం

నా శ్రీమంతానికి సలోమిని పిలవొద్దని అత్తయ్య పొద్దున తేల్చి చెప్పింది. చిన్నప్పటి నుంచీ పక్క రైల్వే క్వార్టర్‌లో నాతో కలిసి పెరిగిన సలోమిని! పోయిన నెల దానికి ఐదో నెలలో కడుపు పోయింది, ఇది రెండోసారి. అలాంటి మనిషి గాజులు తొడగకూడదట. నేను సరేననేశాను. ఎందుకన్నానో...

సాయంత్రం గోల్‌బజార్ గాజుల కొట్లో సలోమే కనిపించింది. చర్చి నుంచి నేరుగా వచ్చి, నా కోసం ఆకుపచ్చ గాజులు ఏరుతోంది. వాళ్లాయనకి వర్క్‌షాపులో కాంట్రాక్టు పని కూడా పోయింది, అయినా ముఖంలో ఆ వెలుగు తగ్గలేదు.

"ఇయ్యాల సర్చిలో సాచ్చెం సెప్పినానే."

"ఏటి సెప్పినావే?"

"ఐదు నెల్లు బిడ్డ నాతోనే ఉంది గదా, దానికి దేవుడికి స్తోత్రం సెప్పినాను. ఏడుస్తానే పాట పాడినాను. నీ బిడ్డ కోసం కూడా అందరిసేతా ప్రార్థన సేయించినాను."

గాజులు నా చేతిలో పెట్టి నవ్వింది. "మీ అత్త నన్ను రావొద్దందా? ఠీక్ హై, నువ్వే ఏసుకో."

గాజులు తిరిగి దాని సంచిలోనే వేసేశాను. "నువ్వే వొచ్చి తొడుగు" అన్నాను.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పేశాను, మొదట గాజులు తొడిగేది సలోమేనని.

"రేపు ఏటైనా అయితే?" అంది.

ఆ భయం నాకూ లేకపోలేదు. కానీ ఏదైనా అయితే, అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి నా పక్కన కూర్చునేది కూడా సలోమే.