లెక్క లోపలే దాచుకునే వాచీ

అమ్మా,

కొత్త వాచీ టీవీ పక్కన డబ్బాలో ఉంది. ఛార్జింగ్ పెట్టాను. పక్క బటన్ నొక్కితే ఎన్ని అడుగులు నడిచావో చూపిస్తుంది. మొన్నటి రంగుల వాచీ వాపస్ ఇచ్చేశాను. దాని యాప్ నీ పుట్టిన తేదీ, బీపీ, ఫోన్‌లో ఉన్నవాళ్ల నంబర్లు, చివరికి నువ్వు నడిచే దారి కూడా అడిగింది. దీనికి ఫోనే అక్కర్లేదు, లెక్కంతా దాని లోపలే ఉంటుంది. "మీ అమ్మ నడకను ఎవలెత్కపోతరు మేడం?" అని షాపతను ఒకటే నవ్వు.

నాకు నాయిన యాదికొచ్చాడు. చర్చి చుట్టూ ఒక్కో రౌండుకు ఒక్కో చింతగింజను ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చేవాడు కదా. ఎన్నయ్యాయని అడిగితే జేబు మూసుకుని, "నాకు, దేవునికి ఎర్కైతే సాలు బిడ్డా" అనేవాడు. నీ దోసిట్లో మాత్రం అన్నీ కుమ్మరించేవాడు. నాకెంత కోపం వచ్చేదో!

పాపన్నపేట ఆటో వచ్చే టైమైంది, బడికి పోతున్నా. బీపీ గోలీ మరిచిపోకు.

సలోమి

తా.క. ఆటో ఇంకా రాలేదని నీ స్వెటర్ ఉతకడానికి తీశాను. కుడి జేబులో చింతగింజలున్నాయి. లెక్కపెట్టలేదు, మళ్లీ అందులోనే వేశాను. వాచీ నేను పెట్టుకుంటాలే.