బొటనవేలు, చూపుడువేలు

జూన్ 17

శనగలు. ఇరవై. స్టీలు పళ్ళెంలోంచి ఒక్కొక్కటీ ఎత్తి డబ్బాలో వెయ్యాలి. అంతే పని.

లాస్య ఒక్కటీ ఎత్తలేదు. అరచేత్తో ఊడ్చి గుప్పెడూ నోట్లో కుక్కుకుంది. వీపు మీద ఒక్కటిచ్చాను. శనగలు గోడ దాకా ఎగిరాయి. ఏడవలేదు... వెనక్కి వాలి తల నేలకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి నా చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ కణుపులు వాచాయి.

ఆరున్నర ఏళ్ళ పిల్ల. నా ఒక్కగానొక్క కూతురు.

బావ ప్లాంటు నుంచి వచ్చి నా చెయ్యి చూశాడు. "ఏటయ్యిందే?"

తలుపు సందులో పడిందన్నాను.

జూన్ 20

డాక్టరు రాసిచ్చిన కాగితం మళ్ళీ చదివాను. ఎదుగుదల ఆలస్యం. మాటలు లేవు. చేతి పనుల్లో రెండేళ్ళ పిల్లతో సమానం. అడిగినవి అర్థమవుతున్నట్టు లేదు. కింద ఇంకో మాట, మేనరికం. దాని కింద రెండు గీతలు.

బావ నా సొంత మేనమామ కొడుకు. పెళ్ళయి పదకొండేళ్ళు. తప్పెవరిదో గీతలు కొట్టి మరీ చెప్పాలా? కాగితం చించబోయి ఆగాను. ఎక్కడ అడిగినా ముందు అదే చూపించమంటారు.

జూన్ 21

బడి. మూడో తరగతి. ఏడో ఎక్కం రాని కిరణ్‌కి తొడపాశం పెట్టాను.

స్టాఫ్ రూములో నన్ను పట్టకారు అంటారు, నా ఎదురుగానే. నవ్వుతాను. దానికీ ఒక పద్ధతుంది. నిక్కరు అంచు దగ్గర తొడ లోపలి కండ, అదీ కొంచెమే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి తిప్పాలి. ఎక్కువ కండ పట్టుకుంటే నొప్పి తెలియదు. పదిహేనేళ్ళ సర్వీసు నాది.

జూన్ 22

కిరణ్ వాళ్ళమ్మ వచ్చింది. గేటు దగ్గరి నుంచే కేకలు. పిల్లాడి నిక్కరు అంచు ఎత్తి అందరికీ చూపించింది. రేగుపండంత మచ్చ, నల్లగా.

"నీ సేతులు పడిపోను! నీ కడుపున పుట్టినోలకి ఎట్టుకోయే ఇలాటివి!"

పెద్దమేడం నాచేత సారీ చెప్పించింది. చెప్పాను. పడిపోయిన చేతులు మా ఇంట్లో ఉన్నాయని మాత్రం చెప్పలేదు. గాజువాక దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

జూన్ 26

జాలరిపేట. రెండు బస్సులు మారాలి. చేపలు ఎండేసే సందులో మేడ మీద ఒక గది. అందులో హైమ అనే అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో, ఇలాంటి పిల్లల చేతులకి పని నేర్పే చదువు చదివి సొంత పేటలోనే బోర్డు పెట్టుకుంది.

లాస్య చేతిని తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది, మూసింది. గుడ్డలు ఆరేసే క్లిప్పు ఒకటిచ్చింది. లాస్య విసిరేసింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ విసిరింది. అలా పదకొండుసార్లు. నాకైతే మూడోసారికే అరచెయ్యి దురద పెట్టింది.

"అక్కా, పాపకి బొటనవేలు, సూపుడువేలు కలవట్లేదు. మిగతావన్నీ పక్కనెట్టండి. అదొక్కటి వొచ్చేత్తే బొత్తాలు, పెన్సిలు, అన్నం ముద్ద, అన్నీ దాని ఎనకాలే వొత్తాయి."

ఎన్నాళ్ళు పడుతుంది?

"నాను సెప్పలేను. ఒచ్చిన్నాడు మీకే తెలుత్తాది."

ఇంట్లో గోంగూర ఒలిపించమంది. పిండి ముద్దలోంచి చిన్న చిన్నవి గిల్లించమంది. చెయ్యి పట్టుకుని మాత్రం చేయించొద్దంది. అంటే నేను చేతులు కట్టుకుని కూర్చోవాలన్నమాట. నాతో అయ్యే పనేనా?

జులై 3

గోంగూర. కట్టలు కట్టలుగా నమిలేసింది. పెదాలు ఆకుపచ్చగా. చెంప మీద కొట్టాను. నా మణికట్టు కొరికింది. మళ్ళీ కొట్టాను.

బావ పక్కగదిలో పడుకున్నాడు. లేచి వచ్చాడు. "ఏటా సప్పుడు?"

రోలు జరిపానన్నాను.

జులై 9

కొడితే బావకి వినిపిస్తుంది. తొడపాశానికి చప్పుడుండదు.

ఇది రాయకూడదనుకున్నాను. రాశాను. ఈ పుస్తకం నా బీరువాలో ఉంటుంది, తాళం నా దగ్గరే.

ఇవాళ పిండి. లాస్య ముద్ద మొత్తం నేలకేసి కొట్టింది. గౌను పక్కకి జరిపి తొడపాశం పెట్టాను. నోరు తెరిచింది, అరుపు రాలేదు. నా వేళ్ళకేసి చూసింది. ఏడవకుండా అలా చూడ్డం... బళ్ళో ఏ పిల్లా అలా చూడదు, అందరూ కళ్ళు గట్టిగా మూసుకుంటారు.

జులై 15

లాస్య హైమని కొరికింది. మోచేతి కింద. పళ్ళు దిగాయి, రక్తం వచ్చింది. హైమ చెయ్యి లాక్కోలేదు. దాని బుగ్గలు నెమ్మదిగా నొక్కి నోరు తెరిపించింది. తర్వాత చెయ్యి కడుక్కుని మళ్ళీ క్లిప్పు ఇచ్చింది.

నేను లేచి చెయ్యెత్తాను. "కూకోండి" అంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. కూర్చున్నాను.

ఆమె వేళ్ళ మీద పాత గాట్లు. రొయ్యలు ఒలిచినవంది. "సిన్నప్పుడు మాయమ్మ పక్కన కర్రెట్టుకుని కూకునేది. ఒక్క రొయ్య ఇరిగితే ఏళ్ళ మీద ఒక్కటి. పని బేగి ఒచ్చీసింది లెండి. ఇప్పటికీ అమ్మ పక్కకొచ్చి కూకుంటే నా ఏళ్ళు ముడుసుకుపోతాయి."

అందులో నాకు మొదటి సగమే వినిపించింది. పని త్వరగా వచ్చేసిందన్నది.

జులై 22

ఈరోజు కొట్టలేదు. గిల్లలేదు. అసలు ముట్టుకోలేదు.

జులై 24

గిల్లాను. రెండుసార్లు.

ఆగస్టు 2



రబ్బరు బ్యాండు. దాని బొటనవేలూ చూపుడువేలూ కలిపి మూడు చుట్లు వేశాను. కలవకపోతే కలిపి కట్టేస్తే సరి అనుకున్నాను. పది నిమిషాలే అనుకున్నాను. కూర అడుగంటుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. పక్కింటామె పిలిస్తే గుమ్మంలో నిలబడి మాట్లాడాను. వచ్చి చూస్తే గోళ్ళు నీలంగా. వేళ్ళు వాచి బ్యాండు కండలోకి దిగిపోయింది. లాస్య అరవడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. కత్తెర దొరకలేదు. పళ్ళతో కొరికి తెంపాను. తెగేసరికి కేక పెట్టింది చూడు... ఆ కేక వినగానే బతికాననిపించింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. ఎలా అయిందని అడుగుతారు కదా. వేళ్ళకి మళ్ళీ ఎరుపు రావడానికి గంట పట్టింది. గంటా ఆ చేతిని గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. నేను రాక్షసిని. ఇంకో మాట లేదు.

ఆగస్టు 3

బావ అడిగాడు, ఆ గీతలేంటని. ఆడుకుంటూ తనే చుట్టుకుందన్నాను.

అబద్ధాలు ఎంత బాగా వస్తున్నాయో నాకు.

ఆగస్టు 11

కలిశాయి!

స్నానం చేయించి గౌను వేస్తున్నాను. వెనక బొత్తం పెడుతున్నాను. నా జబ్బ మీద నిప్పు పెట్టినట్టయింది. చూస్తే లాస్య. కొంచెం కండ పట్టుకుని తిప్పుతోంది. నా చెయ్యి లేచింది, చెంప దగ్గర దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. దాని వేళ్ళు కనిపించాయి. బొటనవేలు, చూపుడువేలు. రెండు కొసలూ ఎదురెదురుగా, నా కండ మీద, గోళ్ళు తెల్లబడేంత గట్టిగా.

"బావా! బేగి రా! సూడు! సూడు దీన్ని!"

బావ సబ్బు నురుగు ముఖంతోనే పరిగెత్తుకొచ్చాడు. చూసి నేల మీద కూలబడ్డాడు. "ఓలమ్మో... ఓలి నా తల్లో..." అంటూ దాని పాదాలు పట్టుకుని ఏడ్చాడు. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. జబ్బ మీద గోళ్ళు దిగిన చోట రక్తం వచ్చింది.

హైమకి ఫోన్ చేస్తే అవతల కెవ్వుమంది. "రేపు తీసుకొచ్చీండక్కా! సూడాల నాను!"

ఆగస్టు 12

తీసుకెళ్ళాను. బడికి సెలవు పెట్టి, పట్టు లంగా కట్టి. బావ కూడా వచ్చాడు.

హైమ శనగలు పెట్టింది. లాస్య ముట్టలేదు. క్లిప్పు విసిరేసింది. అప్పుడు నేనే జబ్బ చాపాను, ఇదిగో, ఇక్కడ అన్నాను. లాస్య వచ్చి పట్టుకుని తిప్పింది. బావ చప్పట్లు కొట్టాడు.

హైమ కొట్టలేదు. దగ్గరికొచ్చి ఆ వేళ్ళు వంగిన తీరు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఈ తిప్పుడు పాపకి ఎవులు నేర్పినారక్కా?"

హైమ లాస్యని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టు లంగా మోకాళ్ళ పైకి జరిపింది. కొత్త మచ్చలు ఎర్రగా ఉన్నాయి, పాతవి పసుపుపచ్చగా. అన్నీ లోపలి వైపే.

"నాను సెనగలు ఎత్తించమన్నాను. ఇది నాను నేర్పింది కాదు."

బావ చూశాడు. గదిలోనే, హైమ ముందే, నా చెంప మీద కొట్టాడు. పదకొండేళ్ళలో మొదటిసారి. తల గోడకి తగిలింది. లాస్య బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంది. బావ తన చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు, అది తనది కానట్టు.

రెండు బస్సుల్లోనూ బావ లాస్యని ఒళ్ళోంచి దించలేదు.

ఆగస్టు 13

"ఎలమంచిలి తీసుకెల్లిపోతాను. మాయమ్మ దగ్గర పెరుగుతాది. నీ సెయ్యి తగలకుండా ఉంటే సాలు నాకు."

"నాను కన్నదాన్ని బావా."

"అయితే? సంపీసుకుంటావా?"

రబ్బరు బ్యాండు సంగతి కూడా చెప్పేశాను. చెప్పాక వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసులన్నీ ఒక్కొక్కటీ గోడకి కొట్టాడు.

ఆగస్టు 15

బళ్ళో జెండా. పిల్లలకి చాక్లెట్లు పంచాను. నేను చెయ్యి చాపితే ఇద్దరు వెనక్కి తగ్గారు. ఇదివరకూ తగ్గేవాళ్ళేమో. ఇవాళే చూశాను.

ఆగస్టు 16

బావే తీసుకెళ్ళాడు జాలరిపేటకి. నన్ను కూడా రమ్మన్నాడు, హైమ రమ్మందట.

హైమ తన చెయ్యి చాపింది. లాస్య చూసి ఊరుకుంది. బావ చొక్కా చెయ్యి పైకి మడిచి తన జబ్బ పెట్టాడు. "గిల్లమ్మా, నాన్నని గిల్లు." లాస్య ఆ జబ్బ మీద చెంప ఆనించింది. గిల్లలేదు. లేచి, గది దాటి, నా దగ్గరికొచ్చి గిల్లింది.

"పాపకి అర్థం కాదని డాక్టరుగారు రాసినారు గదక్కా," అంది హైమ. "పాపకి అంతా తెలుసు."

బావ అడిగాడు, ఎలమంచిలి తీసుకెళ్తే ఈ చెయ్యి నిలుస్తుందా అని.

"మొదల ఆ పట్టు దేని మీద వొచ్చిందో దాని మీదే ముందు గట్టిపడాలి, అన్నా. రోజూ సేత్తే, ఏలికి బలం వొచ్చినాక నెమ్మదిగా సెనగ మీదకి మళ్ళిద్దుం. ఇప్పుడు ఆపీత్తే మల్లీ ఎప్పుడొత్తాదో... సెయ్యి రావాలంటే అక్క కావాల. కానీ అక్క దగ్గరుంటే..." అక్కడ ఆపేసింది. "నాను సెప్పలేనన్నా. మీరే సూసుకోండి."

ఆగస్టు 17

బావ సంచి సర్దేశాడు. గౌన్లు నాలుగు, దుప్పటి, దువ్వెన. "రేపు పొద్దున్న పాసింజరుకి ఎల్తామో లేదో... ఆలోసిత్తన్నాను" అని గుమ్మం బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు. తలుపు తీసే ఉంది. అతని వీపు కనిపిస్తోంది.

లాస్య గోడకి ఆనుకుని ఉంది. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను. రామ్మా అన్నాను. కదల్లేదు. నా ముఖం చూడటం లేదు, నా చేతుల్ని చూస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. రాలేదు. వీపు వెనక్కి పెట్టుకున్నాను. మెడ వంచి అవి ఎక్కడికి పోయాయో వెతికింది. ఇంకా గోడకి అతుక్కుపోయింది. నా కూతురు నాకు అంత భయపడుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని మొండితనం అనుకున్నాను.

చివరికి రెండు అరచేతులూ నా తొడల కింద పెట్టి వాటి మీద కూర్చున్నాను.

అప్పుడొచ్చింది.

మోచేతి పైన మెత్తటి చోటు వెతికి పట్టుకుంది. తిప్పింది. కళ్ళ ముందు గది మసకబారింది. మెట్ల మీద బావ వెనక్కి తిరగలేదు. వేళ్ళకేసే చూస్తున్నాను, రెండూ కలిసే ఉన్నాయి, ఇంకా బిగిస్తోంది.

నేను అరవలేదు. అరిస్తే వదిలేస్తుందని భయం.